చిన్న తిరుపతి మొక్కు, భీమవరం తాళంచెవి

ద్వారకా తిరుమల నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. "మా అమ్మకి నాలుగేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఊపిరితిత్తులకి పాకిందన్నారు. మూడు వారాలకోసారి కారు మాట్లాడుకుని విజయవాడ తీసికెళ్ళి, చేతి నరానికి మందు ఎక్కించుకొస్తున్నాం. జబ్బేమో ఊపిరితిత్తుల్లో, సూదేమో చేతికి, ఊడేదేమో తలమీద జుట్టు. ఆ మందేదో తిన్నగా ఊపిరితిత్తులకే పంపలేరా?" అని అడిగారు. సంతకం పెట్టాక కింద ఇంకో నాలుగు ముక్కలు ఇరికించారు. "మా కోడలు నెల తప్పింది. ఆశా కార్యకర్త ఎర్ర మాత్రలు ఇచ్చింది, రక్తం పడుతుందట. అమ్మ బాగా నీరసంగా ఉంటోంది. తనకి కూడా రోజుకొకటి వేయమంటారా?"

మొదటి ప్రశ్నకి కార్డుముక్క చాలు. కానీ కింద ఇరికించిన వాక్యాలు చదివాక కార్డు పక్కన పెట్టి తెల్లకాగితాలు తీశాను. ఎందుకంటే ఆయనకి తెలియకుండానే మొదటి ప్రశ్నకి జవాబుని రెండో ప్రశ్నలో పెట్టి పంపారు.

దారి తప్పలేదు

ముందు ఒక తిరకాసు చెప్పాలి. మీ అమ్మగారి మందు తిన్నగా ఊపిరితిత్తులకే వెళ్తోంది. చేతి నరంలోంచి గుండె కుడివైపుకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి. మెదడుకి గాని, కాలేయానికి గాని, జుట్టు కుదుళ్ళకి గాని ఆ తర్వాతే. సెలైన్ సీసా కట్టిన ఏ మందుకైనా మొదటి మజిలీ అదే.

మన వైపు వాళ్ళకి దీన్ని కొల్లేరుతో చెబితే చాలు. బుడమేరు అటునుంచి, తమ్మిలేరు ఇటునుంచి, ఎక్కడెక్కడి నీళ్ళూ వచ్చి కొల్లేట్లో పడతాయి. అక్కడ పరుచుకుని, నెమ్మదించి, ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. ఒంట్లో ఆ కొల్లేరు ఊపిరితిత్తులు. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం, అంటే దాదాపు ఒంట్లో ఉన్న రక్తమంతా, వాటిలోంచి పోవాల్సిందే. ఏరు వెంట కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క కొల్లేట్లో ఆగినట్టే, రొమ్ములోంచి జారిపడ్డ క్యాన్సర్ కణం కూడా రక్తంలో తేలివచ్చి ముందు అక్కడే తట్టుకుంటుంది. జబ్బు వచ్చిన దారీ మందు వెళ్ళే దారీ ఒక్కటే.

తట్టుకున్న చోటల్లా మొలుస్తుందా? దీనిమీద డాక్టర్లు నూరేళ్ళు కొట్టుకున్నారు. 1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జను రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు ముందేసుకుని, విత్తనం ఎటైనా ఎగురుతుంది గాని నచ్చిన నేలలోనే మొలుస్తుంది అన్నాడు. 1928లో అమెరికాలో జేమ్స్ యూయింగ్ ఆ మాట కొట్టిపారేశాడు. నేలా లేదు, విత్తనమూ లేదు, రక్తం ఎటు పారితే అటు, అంతా గొట్టాల వ్యవహారం అన్నాడు. యూయింగ్ పెద్దమనిషి కాబట్టి ఆయన మాటే నలభై ఏళ్ళకు పైగా చెల్లింది. 1970లో ఐజయా ఫిడ్లర్ క్యాన్సర్ కణాలకి రేడియోధార్మిక గుర్తులు తగిలించి ఎలుకల నరాల్లోకి ఎక్కించి లెక్కపెట్టాడు. చాలావాటిని మొదట ఊపిరితిత్తులే పట్టేశాయి. యూయింగ్ నెగ్గినట్టే. కానీ ఒక్క రోజు గడిచేసరికి వెయ్యింటికి ఒకటి కూడా బతికిలేదు. పేజెట్ కూడా నెగ్గినట్టే. కొల్లేట్లో ఆగడం వేరు, అక్కడ వేరు పట్టడం వేరు.

మరి ఆ ఆగడాన్నే మందుకి వాడుకుంటే? హార్వర్డ్‌లో సమీర్ మిత్రగోత్రి బృందం 2019లో సరిగ్గా ఆ పనే చేసింది. మందు నింపిన అతిసూక్ష్మ రేణువుల్ని ఎర్ర రక్తకణాల వీపున అతికించి ఎలుకలకి ఎక్కించారు. ఎర్ర రక్తకణం వెడల్పు 7, 8 మైక్రాన్లు. ఊపిరితిత్తుల్లోని కేశనాళికలు చాలాచోట్ల అంతకంటే ఇరుకు. కణం ఒళ్ళు ముడుచుకుని దూరేటప్పుడు గోడకి రాసుకుంటుంది, వీపున ఉన్న సరుకు గోడకి అంటుకుపోతుంది. ఇరుకు సందులో గడ్డిమోపు బండి పోతే రెండువైపులా గోడలకి గడ్డి వేలాడినట్టు. ముచ్చటైన ఉపాయం. కానీ గోడకి అంటిన మందుకి ఏది కణితో, ఏది మంచి కణజాలమో తెలీదు. వీధి దొరికింది, ఇంటి నంబరు దొరకలేదు.

అసలు చిక్కు దారిది కాదు, గుమ్మానిది. ఇక్కడ మీ కోడలి ఎర్ర మాత్ర కథలోకి వస్తుంది.

ఆకుల్లో దొరికిన ఆమ్లం

ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఇనుము సంగతి అందరికీ తెలుసు. నాకు పిచ్చి రెండోదాని మీద.

1930 ప్రాంతాల్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణులకి వచ్చే ఒకరకం రక్తహీనతని చూసి, ఈస్టుతో చేసిన మార్మైట్ తినిపిస్తే తగ్గుతోందని కనిపెట్టింది. అందులో ఏముందో ఆమెకి తెలీదు. 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర ఉడకేసి, వడకట్టి, ఒక ఆమ్లాన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1945లో దాన్ని గాజుబుడ్డిలో తయారుచేసి చూపించింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనలకి పెద్ద, 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తాడేపల్లిగూడెంలో బస్సెక్కితే గంటలో చేరే ఊరు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం విరిగిపోయి మనిషి కృశించిపోయే ఆ జబ్బుకి తర్వాత పనిచేసిన మందు ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నీరసంగా ఉన్న క్యాన్సర్ మనిషికి ఫోలిక్ ఆమ్లం ఇస్తే బలం రాదా? ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి మీరు కాదు. న్యూయార్క్‌లో ఒక ప్రయోగశాల ఈ ఆమ్లం జాతి పదార్థంతో ఎలుకల కణితులు కరిగాయని ప్రకటించింది. దాన్ని నమ్మి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా పిల్లలకి ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గడం అటుంచి దౌడు తీసింది. మరొకరైతే ఆ కాగితాలు సొరుగులో దాచేసేవారు. ఫార్బర్ తిరగేసి ఆలోచించాడు. ఇది పెడితే పెరుగుతోందంటే, ఇది అందకుండా చేస్తే మాడుతుంది కదా? అని సుబ్బారావు బృందాన్ని అడిగాడు. లెడర్లీ రసాయనవేత్తలు ఫోలిక్ ఆమ్లంలో ఒకేఒక్క మూల ఆక్సిజన్ తీసి నైట్రోజన్ పెట్టి అమినోప్టెరిన్ చేసిచ్చారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితం: 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అదే ఏడు ఆగస్టు 8న సుబ్బారావు కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కి తమ్ముడు మెథోట్రెక్సేట్. రెండూ దొంగ తాళంచెవులే. కణం విడిపోయేముందు డీఎన్ఏ నకలు రాసుకోవాలి. ఆ రాతలో నాలుగు అక్షరాల్లో ఒకటి తయారవ్వాలంటే ఫోలిక్ ఆమ్లాన్ని ఒక ఎంజైము సానబట్టాలి. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైము తాళంలో దూరుతుంది గాని తిరగదు, బయటికీ రాదు. తాళం చెడుతుంది, రాత ఆగుతుంది.

మీ అమ్మగారి జబ్బులాగే ఊపిరితిత్తులకి పాకే ఇంకో జబ్బు ఇక్కడ వస్తుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ అనే చైనా డాక్టరు, గర్భం మాయలో పుట్టి ఊపిరితిత్తులకి పాకే కోరియోకార్సినోమాకి ఈ మందు ఇచ్చాడు. ఎక్స్‌రేలో మచ్చలు మాయమయ్యాయి. 1956లో ఆ సంగతి అచ్చయింది. ఒంట్లో పాకిపోయిన గట్టి కణితిని మందుతో మాన్పడం అదే మొదలు. గద్దెమీద వాళ్ళు ఆయన్ని మెచ్చుకోలేదు సరికదా పొమ్మన్నారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా ఆయన మందు ఆపడం లేదని వాళ్ళ గొడవ. ఇప్పుడు మందులషాపులో కొనుక్కునే గర్భపరీక్ష పట్టీ పసిగట్టే హార్మోను ఉందే, అది రోగుల ఒంట్లో ఇంకా మిగిలి ఉందని, సున్నా అయ్యేదాకా ఆపకూడదని ఆయన పట్టు. ఆయన చెప్పినట్టు సున్నా దాకా మందు తీసుకున్నవాళ్ళే బతికి బట్టకట్టారు. 1972లో ఆయనకి లాస్కర్ వైద్య బహుమతి వచ్చింది.

సగం పుట్టలో, సగం బయట

మెథోట్రెక్సేట్‌కి ఒక లోపం ఉంది. అది ఏ ఇల్లు, ఎవరి ఇల్లు అని చూడదు. ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాల్ని, అంటే ఫోలేట్లని, లోపలికి తెచ్చే మామూలు ద్వారం ఒకటి ఒంట్లో దాదాపు అన్ని కణాలకీ ఉంటుంది. ఈ మందు ఆ ద్వారంలోంచే ఎక్కువగా దూరుతుంది. పేగు పొరా, ఎముక మజ్జా, నోటిలోపలి చర్మమూ, అన్నీ దెబ్బతింటాయి.

కానీ ఇంకో ద్వారం ఉంది. ఫోలేట్ గ్రాహకం దాని పేరు. కొద్దిరకాల కణాలకే ఉంటుంది. అండాశయ క్యాన్సర్ కణాల్లో చాలావాటికీ, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఒక ముఖ్యమైన రకానికీ, రొమ్ము క్యాన్సర్లలో కొన్నింటికీ ఒళ్ళంతా ఇవే. కొల్లేటి చుట్టూ ఉన్న చేపల చెరువు ఒకటి తీసుకోండి. ఎకరం విస్తీర్ణం, మీటరు లోతు. నీళ్ళు సుమారు 40 లక్షల లీటర్లు. అందులో 4 వేల ఎర్ర మాత్రల్లోని ఫోలిక్ ఆమ్లం, అంటే 2 గ్రాములు కలపండి. అంత పలుచనైన నీళ్ళలోంచి కూడా ఈ గ్రాహకం దాన్ని ఏరి పట్టుకోగలదు.

2013లో దీని ఆకారాన్ని ఎక్స్‌రేలతో అణువణువూ గీసి చూశారు. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు, అపచారం అనుకోకపోతే, మీ ద్వారకా తిరుమల, అదే చిన్న తిరుపతిలో, చిన వెంకన్న గర్భగుడి గుర్తొచ్చింది. అక్కడ స్వయంభువు స్వామి పుట్టలోంచి నడుం పైకే దర్శనమిస్తాడు. పాదాలు పుట్టలో ఉండిపోయాయి. గ్రాహకంలో ఫోలిక్ ఆమ్లం కూడా అంతే. ఒక కొస లోతైన గుంట అడుగుదాకా దిగబడి ఉంటుంది, రెండో కొస బయటికి కనిపిస్తూ ఉంటుంది. లోపలున్న సగమే తాళంచెవి పళ్ళు. బయటున్న సగం తాళంచెవి పిడి. పిడికి ఏ గుత్తి తగిలించినా తాళానికి పట్టింపు లేదు.

ఈ బొమ్మ రాకముందే, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ లో, క్రిస్టఫర్ లీమన్ ఆ పిడికి ఒక బరువు కట్టి చూశారు. కట్టింది ఫోలిక్ ఆమ్లం కంటే ఎన్నో రెట్లు పెద్దదైన ప్రోటీను. 1991లో వాళ్ళు చెప్పింది ఇదీ: ఫోలిక్ ఆమ్లం గ్రాహకానికి తగులుకోగానే కణం పొర అక్కడ లోపలికి సొట్టపడుతుంది, సొట్ట సంచి అవుతుంది, సంచి మూతి బిగుసుకుని లోపలికి జారుతుంది, కట్టిన బరువుతో సహా. లోపల పులుపెక్కుతుంది. ఆ పులుపుకి గ్రాహకం పట్టు వదిలి, ఖాళీ చేతులతో మళ్ళీ పైకొచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

మా గోదావరి జిల్లాల్లో ఒక నమ్మకం ఉంది. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు, చిన్న తిరుపతి మొక్కు మాత్రం చిన్న తిరుపతిలోనే తీర్చాలి. మెథోట్రెక్సేట్ పెద్ద తిరుపతి మొక్కు, రెండు గుమ్మాల్లోనూ చెల్లుతుంది. బరువు కట్టిన ఫోలిక్ ఆమ్లం చిన్న తిరుపతి మొక్కు. మామూలు ద్వారం ఇరుకు, మూటతో పట్టదు. గ్రాహకం ఉన్న గుమ్మంలోనే చెల్లుబాటు.

ఇంకా అసలు చమత్కారం చెప్పలేదు. ఈ గ్రాహకం మంచి ఊపిరితిత్తుల్లో కూడా ఉంటుంది. మరి మందు అక్కడ దూరదా? దూరదు. అక్కడ గ్రాహకం ఉండేది పెరటి గుమ్మంలో. గాలి గూళ్ళ గోడలకి రెండు ముఖాలు. ఒకటి రక్తంవైపు, ఒకటి గాలివైపు. క్రమశిక్షణ ఉన్న కణం ఈ గ్రాహకాన్ని గాలివైపే పెడుతుంది. రక్తంలో తిరిగే మందు వీధిలో ఎన్ని చుట్లు కొట్టినా పెరటి గుమ్మం కనపడదు. క్యాన్సర్ కణం ఆ క్రమశిక్షణే పోగొట్టుకుంది. దానికి ముందూ వెనకా లేవు, వీధీ పెరడూ లేవు. అన్నివైపులా గుమ్మాలు పెట్టేసింది. అదుపు తప్పడమే దాని బలం, అదే దాని చిరునామాని బయటపెట్టింది. ఈ ఒక్క వాక్యం చదివిన రోజు నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

బిళ్ళగన్నేరు మూట

తాళంచెవి దొరికింది, గుమ్మం తెలిసింది. మూటలో ఏం కట్టాలి? కట్టి చూసినవాటిలో ఒకటి మన గుమ్మాల ముందు పూసే బిళ్ళగన్నేరు విషం. దానిదీ ఒక పొరపాటు కథే. కెనడాలో రాబర్ట్ నోబుల్ ఆ ఆకులకి షుగర్ తగ్గించే గుణం ఉందని విని ఎలుకలకి ఎక్కించాడు. షుగర్ తగ్గలేదు, ఎలుకలు చీము పట్టి చచ్చాయి. ఏమిటా అని చూస్తే తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాల్ని పడగొట్టేది ల్యుకీమియాని పడగొట్టదా? చార్లెస్ బీర్‌తో కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్‌ని వేరుచేశాడు. ఇప్పటికీ పొద్దున్నే ఆ ఆకులు నమిలి షుగర్ తగ్గించుకుంటున్నామనేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు ఆ ఎలుకల కథ చదివితే బాగుండు.

ఫోలిక్ ఆమ్లం పిడికి విన్‌బ్లాస్టిన్ జాతి మందు కట్టి విన్‌టఫోలైడ్ అన్నారు. 2014 మార్చిలో ఐరోపా నిపుణుల సంఘం ఆమోదించవచ్చని చెప్పింది. మే నెలలో, అండాశయ క్యాన్సర్ మీద జరుగుతున్న పెద్ద ప్రయోగాన్ని ఫలితం కనబడటం లేదని ఆపేశారు. ఒక తాళంచెవికి ఒకే పొట్లం, అదీ మూత్రపిండాలు చకచకా వడకట్టేసే చిన్న అణువు. చిరునామా కుదిరినా సరుకు చాలలేదని నా అనుమానం.

తర్వాత వచ్చినవాళ్ళు తాళంచెవినే మార్చారు. ఆ గ్రాహకాన్నే పట్టుకునే ప్రతిరక్షకానికి ఒక్కోదానికి మూడు నాలుగు విషపు పొట్లాలు కట్టారు. మిర్వెటక్సిమాబ్ సొరవ్‌టాన్సిన్. అమెరికాలో 2022 నవంబర్‌లో అనుమతి వచ్చింది, అండాశయ క్యాన్సర్‌కి. కళ్ళు మసకబారడం దీనికి కట్టే పన్ను. చిరునామా రాసిన ఉత్తరాలైనా కొన్ని పక్కింట్లో పడతాయి.

ఫోలేట్ తాళంచెవి మాత్రం వృథా పోలేదు. దాని జాతి అణువుకి మందు బదులు రంగు కట్టారు. పాఫొలాసియానిన్. 2022 డిసెంబర్‌లో ఊపిరితిత్తుల ఆపరేషన్లకి అనుమతి వచ్చింది. రంగు ఎక్కించాక ఆపరేషన్ బల్లమీద ప్రత్యేక కెమెరా పెడితే, చేతికి తగలని, కంటికి ఆనని కణితి ముక్కలు కూడా వెలుగుతాయి. ఈ రంగు ఎక్కించే ముందు డాక్టర్లు పెట్టే షరతు చూడండి: 48 గంటలపాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోకూడదు. ఎర్ర మాత్ర మింగితే గుమ్మాలన్నిటా ఉత్త తాళంచెవులు దిగబడి ఉంటాయి. రంగు మోసుకొచ్చినదానికి చోటు దొరకదు.

జవాబు

ఇక మీ ఉత్తరానికి. అమ్మగారికి ఎర్ర మాత్ర మీ అంతట మీరు వేయకండి. ఫార్బర్ పిల్లలకి జరిగిందే ఆవిడకి జరుగుతుందని కాదు. పెమెట్రెక్సెడ్ అనే మందు ఇచ్చేటప్పుడు డాక్టర్లే ఫోలిక్ ఆమ్లం రాసిస్తారు కూడా. ఏ మందుతో అది మిత్రుడో, ఏ మందుతో శత్రువో తేల్చాల్సింది ఆ మందు ఇచ్చే డాక్టరు. కోడలిగారు మాత్రం ఒక్కరోజు కూడా మానకూడదు. కడుపులో బిడ్డ వెన్నూ మెదడూ కట్టడానికీ, తల్లికి రక్తం పట్టడానికీ అది కావాలి.

మొదటి ప్రశ్నకి జవాబు: ఊపిరితిత్తులకి పంపే ఉపాయం అక్కర్లేదు, అక్కడ ఏ తలుపు తట్టాలో చెప్పే ఉపాయం కావాలి. అది వచ్చేసింది, కానీ అందరికీ కాదు. తలుపు లేని కణితికి తాళంచెవితో పని లేదు. ఉన్నా, మెథోట్రెక్సేట్ చవగ్గా దొరికినట్టు ఈ కొత్త మందులు దొరకవు. భీమవరం బిడ్డ నడిపిన ప్రయోగశాలలో పుట్టిన తాళంచెవి భీమవరం ఆసుపత్రికి రావడానికి ఇంకెన్నేళ్ళో అని నా ఏడుపు నాది.

అయితే రొమ్ము క్యాన్సర్‌కి ఇంకో గుమ్మం ఉంది, హెర్2 అని. దాని చిరునామా రాసిన మందులు మన దేశంలో ఇప్పటికే వాడుతున్నారు. మీ అమ్మగారి బయాప్సీ రిపోర్టులో ఆ పేరు ఉంటుంది, పక్కన ఒక అంకె ఉంటుంది. నాలుగేళ్ళ కిందటి కాగితం అది. జబ్బు కొత్తచోటికి పాకినప్పుడు గుమ్మాలు మారుతుంటాయి. మళ్ళీ ముక్క తీసి చూడాలా అని అడగండి. ఈసారి వెళ్ళేటప్పుడు ఆ కాగితం సంచీలో పెట్టుకోవడం మరిచిపోకండి.